అబ్బా హిసాబు, పాతిక పిన్నుల తాళం



ఇక్కడ రాసి చాలా రోజులైంది. ఖైరియత్ అడుగుతూ ఫోన్లు చేసిన అజీజులందరికీ షుక్రియా. మేమంతా బాగున్నాం. పోయింది కంప్యూటర్ ఒక్కటే. అయితే అది పోతూ పోతూ నా చేత ఒక పాత కర్జు తీర్పించింది. ఇవాళ ఆ సంగతే చెబుతాను.

మా మకాం గుమ్మలక్ష్మీపురం అని కొత్తగా చదివేవాళ్లకు చెప్పాలి. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా, 1979 నుంచి విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు కదల్లేదు, బోర్డులే మారాయి. కొండ దాటితే ఒడిశా. నేను పుట్టింది గుంటూరులో. ఉర్దూ మీడియం బడిలో అలిఫ్ బే దిద్ది, కాలేజీకొచ్చేసరికి తెలుగు డిగ్రీ తీసుకున్నాను. "ఉర్దూలో ఏడుస్తావు, తెలుగులో అన్నం తింటావు" అని అబ్బా నవ్వేవారు. బేగానికి ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో టీచర్ ఉద్యోగం రావడంతో నేనూ కొండెక్కాను. పేపర్‌కి వార్తలు రాసుకుంటూ, పక్కన ఒక చిన్న డిటిపి, జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. పెళ్లి కార్డులు, అర్జీలు, కులం సర్టిఫికెట్ల దరఖాస్తులు, సంత రోజున జీడిపిక్కల లెక్కలు, చింతపండు లెక్కలు. అల్‌హమ్‌దులిల్లాహ్, రోజీ గడిచిపోయేది.

కిందటి ఏడు ఆగస్టులో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజ్‌కి లేస్తుండగా కొండ మీద పిడుగు పడింది. కరెంటు పోయి వచ్చింది, మళ్లీ పోయి వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు నా కంప్యూటర్ వెనక నుంచి కాలిన వాసన. పదిహేనేళ్లకు పైగా నాతో పనిచేసిన డబ్బా. మెకానిక్ విప్పి చూసి, "మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ రెండూ పోయాయి సార్" అన్నాడు.

నేను కంగారు పడలేదు. నాకొక ఆదత్ ఉంది. ప్రతి ఏటా రంజాన్‌కి ముందు జకాత్ హిసాబ్ వేసుకునే రోజే కంప్యూటర్ మొత్తాన్ని ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి బీరువాలో పెడతాను. ఫైళ్లు విడివిడిగా కాదు, డిస్క్ మొత్తానికి అచ్చు తీసినట్టు. దాన్నే ఇమేజ్ అంటారు. మాల్‌కి జకాత్ ఎలాగో, మెహనత్‌కి బ్యాకప్ అలాగ అని నా లెక్క. కొత్త కంప్యూటర్ కొని ఇమేజ్‌ని అందులోకి దించితే మర్నాటికి దుకాణం మామూలే అనుకున్నాను.

అనుకున్నది ఒకటి, అయింది ఇంకొకటి. కొత్త కంప్యూటర్ నీలం తెర చూపించి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే నీలం తెర.

కారణం తరవాత అర్థమైంది. పాత సిస్టం తన హార్డ్ డిస్క్‌ని ఏ దారిన చేరుకోవాలో పాత మదర్‌బోర్డును బట్టి నేర్చుకుంది. కొత్త బోర్డులో ఆ దారి లేదు. కళ్లు లేని ముసలాయన ఇరవై ఏళ్లున్న ఇంట్లో వజూ చెంబు దాకా తడుముకోకుండా నడుస్తాడు. ఆయన్ని రాత్రికి రాత్రి కొత్త ఇంట్లో దింపితే మొదటి అడుగులోనే గోడకి కొట్టుకుంటాడు. అంతే సంగతి. అందులో సామానంతా ఉంది, కానీ దానికి దారి తెలీదు.

ఈ హడావిడిలో ఉండగా ఒక సవర తాత గుమ్మంలోకి వచ్చాడు. పై గూడెం నుంచి నడిచొచ్చాడు.

"సాయిబు బాబూ, మా గ్రామసభ కాయితం నీ డబ్బాలో ఉంది గదా. మా ఇంట్లోది చెదలు తినేసింది. ఒకటి తీసియ్యి."

2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాల కోసం ఊళ్లన్నీ గ్రామసభ తీర్మానాలు రాయించుకున్న రోజుల్లో నేను టైప్ చేసిన కాగితం అది. నా కాపీకి సర్కారీ ముద్ర ఉండదు. అయినా తేదీ, తీర్మానం, కొండవాలు హద్దులు అందులో ఉంటాయి. అవి చేతిలో ఉంటే ఆఫీసులో అసలు కాగితం ఫలానా చోట వెతకండి అని అడగొచ్చు. లేకపోతే ఏమని అడుగుతాడు?

"ఇప్పుడు డబ్బా పాడైంది తాతా, వారం ఆగు" అన్నాను.

"నీ దగ్గరుంటే ఉన్నట్టే బాబూ" అని వెళ్లిపోయాడు. ఆ మాట నాకు బరువుగా తగిలింది. అమానత్ అనే మాటకి ఆయన తెలుగు చెప్పాడనిపించింది.

తెలుగు కాగితాలు ఒక పూటలోనే తేరుకున్నాయి. ఇమేజ్‌ని నడపడం కుదరకపోయినా, దాన్ని తెరిచి లోపలి ఫైళ్లు బయటికి తీయవచ్చు. తీస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించాయి. ఆ రోజుల్లో మన డిటిపి ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టి నడిపేవాళ్లం. ఆ ఫాంట్ ఉంటే తెలుగు, లేకపోతే గజిబిజి. నేను డబ్బు పెట్టి కొన్న ఫాంట్లు బ్యాకప్‌లో ఉన్నాయి. వాటిని కొత్త కంప్యూటర్‌లో వేయగానే తాత కాగితం తెర మీద చక్కగా నిలబడింది. ప్రింట్ తీసి, ఈసారి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు. మర్నాడు ఆయన ఒక కొండచీపురు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయాడు.

ఇక మిగిలింది ఉర్దూ. అసలు కథ అక్కడే ఉంది.

మా అబ్బా మర్హూమ్ ఉర్దూ టీచర్. 2006 రంజాన్‌లో నేను గుంటూరు వెళ్లినప్పుడు, "నేను చెబుతాను, నువ్వు నీ మెషీన్‌లో ఎక్కించు" అన్నారు. రోజూ జొహర్ తరవాత కూర్చునేవాళ్లం. చిన్ననాటి సంగతులు, ఖాందాన్ షజరా, ఎవరి నికాహ్ ఎప్పుడు, ఎవరి కబర్ ఎక్కడ. చివరి రోజు ఒక జాబితా చెప్పారు. తను ఎవరెవరికి బాకీ ఉన్నదీ పేరు, ఊరు, రకం, సాలు. ఐదు పేర్లు. అప్పట్లో నాకు అదొక ముసలాయన చాదస్తం. బస్సు టైము చూసుకుంటూ టైప్ చేశాను.

ఒక ప్రింట్ తీసి ట్రంకు పెట్టెలో పెట్టాం. 2011లో అబ్బా ఇంతికాల్ అయ్యారు. ఆఖరి రోజుల్లో "వో హిసాబ్ దేఖ్ లేనా బేటా" అన్నారు. నాకు గుర్తున్న రెండు పేర్ల బాకీ తీర్చేశాను. మిగతా మూడూ కంప్యూటర్‌లో ఉన్నాయిలే, తీరిగ్గా చూద్దామనుకున్నాను. తీరిక అనేది మనిషి తనకు తాను చెప్పుకునే పెద్ద అబద్ధం. ఆ మధ్య పాత ఇంటి కప్పు కారి, ట్రంకులో నీళ్లు చేరి, ఇంక్ మొత్తం నీలి మరకగా మారింది. అప్పుడు కూడా కంప్యూటర్‌లో ఉందిగా అనుకున్నాను.

కర్జు సంగతి మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. జనాజా లేచే ముందు వారసులు నిలబడి, "మర్హూమ్ ఎవరికైనా బాకీ ఉంటే మమ్మల్ని అడగండి" అని ఏలాన్ చేస్తారు. నేనూ చేశాను. అడగడానికి రాని వాళ్ల పేర్లు నా దగ్గరే ఉండి, నేనే చదవలేని స్థితిలో ఉన్నాను.

ఉర్దూ ఫైళ్లకు తెలుగు ఫైళ్ల కిటుకు పనికిరాలేదు. నస్తాలీఖ్ రాత సంగతి మీకు తెలుసు. అక్షరం పక్కన అక్షరం పేర్చితే అది రాదు. మాట వాలుగా దిగుతుంది, ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చుంటుంది. అందుకే ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబుల చేతి మీదే నడిచాయి. చెన్నైలో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రిక ఈ కంప్యూటర్ల కాలంలో కూడా చేతిరాతతోనే వచ్చింది. మీర్జా అహ్మద్ జమీల్ అనే ఖత్తాత్ వేలకొద్దీ అతుకుల రూపాలు ఒక్కొక్కటిగా రాసి ఇస్తే, 1981లో నూరీ నస్తాలీఖ్ పుట్టి కంప్యూటర్‌కి ఉర్దూ వచ్చింది. అంత మెహనత్ పెట్టినవాళ్లు దొంగ కాపీలకు భయపడడంలో తప్పేమీ లేదు. నేను కొన్న ఉర్దూ ప్రోగ్రాంకి ఒక లాక్ ఉండేది. అగ్గిపెట్టెంత ముక్క, పాతిక పిన్నులు. పూర్వం ప్రింటర్ వైరు పెట్టే చోట గుచ్చాలి. ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ ఆ ముక్కని పలకరిస్తుంది. జవాబు వస్తేనే పని. ఫైళ్లు కూడా దాని సొంత పద్ధతిలో ఉంటాయి, వేరే దేంట్లోనూ తెరుచుకోవు.

మా పెద్దోడు విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవుకి వచ్చి, "అబ్బూ, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే ప్రోగ్రాం ఉంది. అందులో నీ ఇమేజ్ వేద్దాం" అన్నాడు. వర్చువల్ మెషీన్ అంటారట. లోపలి ఉత్తుత్తి డిస్క్‌ని పాతకాలం పద్ధతికి మార్చగానే నా పాత డెస్క్‌టాప్ లేచి కూర్చుంది. మక్కా ఫొటో, దాని మీద నేను వదిలేసిన ఫైళ్లు, అన్నీ అలాగే. కళ్లు చెమర్చాయి. అంతలోనే నోటీసు వచ్చింది. హార్డ్‌వేర్ బాగా మారిపోయింది, మూడు రోజుల్లో మళ్లీ ఆక్టివేట్ చేయాలట. ఈ పద్ధతి 2001 ప్రాంతం నుంచి మొదలైంది. సిస్టం తను నిలబడిన యంత్రం ముక్కల్ని లెక్కపెట్టుకుని గుర్తు పెట్టుకుంటుంది, అవి మారితే యజమాని మారాడేమోనని అనుమానిస్తుంది. పిడుగుకీ దొంగకీ దానికి తేడా తెలీదు. మూడు రోజులు మాకు చాలులే అనుకుని ఉర్దూ ప్రోగ్రాం నొక్కాం.

లాక్ కనపడలేదు అంది.

అప్పుడు గుర్తొచ్చింది. లాక్ పాత డబ్బా వెనకే గుచ్చి ఉంది. పాత డబ్బాని వారం కిందటే పాత ఇనప సామాన్ల అతనికి తూకానికి ఇచ్చేశాను.

బ్యాకప్ భద్రంగా బీరువాలో ఉంది, చాబీని చెత్తలో పారేశాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. బేగం ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

పొద్దున్నే ఫజర్ చదివి అతని గోడౌన్‌కి వెళ్లాం. డబ్బా విప్పేసి ఇనుము ఒక కుప్ప, రాగి ఒక కుప్ప వేశాడు. వైర్ల సంచి కింద కుమ్మరించి, నేనూ పెద్దోడూ మోకాళ్ల మీద కూర్చుని వెతికాం. దాదాపు గంట. చివరికి అతనే లోపలికెళ్లి, "ఇదేటి సార్?" అంటూ కిటికీలోంచి తీసి చూపించాడు. పాతిక పిన్నులూ వంగకుండా ఉన్నాయి. "ఏటో పనికొచ్చే ముక్కలా ఉందని పక్కనెట్టాను" అన్నాడు. డబ్బివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చాబీ దొరికింది, కానీ కొత్త కంప్యూటర్‌కి ఆ తాళం రంధ్రమే లేదు. యూఎస్‌బీకి పెట్టే వైరు కొని చూశాం. అది ప్రింటర్లకోసం చేసింది, లాక్ అడిగే సంకేతాలు దాంట్లోంచి వెళ్లలేదు. అమ్మిన దుకాణం ఎత్తేసి చాలా ఏళ్లయింది. కొత్త వెర్షన్ కొనాలంటే నా షాపు కొన్ని నెలల రాబడి.

పార్వతీపురంలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు విని నవ్వాడు. "ఇంత తకలీఫ్ ఎందుకు భాయ్, క్రాక్ ఉంది. పది నిమిషాల పని" అన్నాడు. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు కూడా.

నిజం చెబుతున్నాను, జేబులో వేసుకున్నాను. బస్సులో కూర్చుని ఆలోచించాను. డబ్బిచ్చి కొన్నాను, లాక్ నా దగ్గరే ఉంది, ఫైళ్లు మా అబ్బావి. ఇందులో చోరీ ఎక్కడుంది?

కానూన్ కూడా తిరగేశాను. జర్నలిస్టు రోగం. 1957 కాపీరైట్ చట్టంలో 52(1)(ఏఏ) అని ఒక నిబంధన ఉంది. న్యాయంగా సంపాదించిన ప్రోగ్రాంని పోకుండా, పాడవకుండా బ్యాకప్ తీసి ఉంచుకోవడం నేరం కాదు అంటుంది. 2012 సవరణలో 65ఏ వచ్చింది. హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో సాంకేతిక తాళం పగలగొడితే శిక్ష. అయితే చట్టం నిషేధించని పని కోసమైతే ఆ సెక్షన్ అడ్డు రాదని కూడా అక్కడే ఉంది. అంటే మన చట్టానికి నాలాంటి వాడి బాధ కొంచెం తెలుసు.

దీన్ సంగతి మా పాత మౌలానా సాబ్‌ని ఫోన్‌లో అడిగాను. 1988 డిసెంబరులో కువైట్‌లో ఇస్లామీ ఫిఖ్ అకాడమీ కూర్చుని, రచయిత హక్కు, కనిపెట్టినవాడి హక్కు కూడా మాలే, దాన్ని కాజేయడం జాయిజ్ కాదు అని తీర్మానించిన సంగతి ఆయనే చెప్పారు. తరవాత, "నీ హక్ నీకుంది, వాళ్ల హక్ వాళ్లకుంది. రెండూ సలామత్‌గా ఉండే దారి ఉందా లేదా అన్నది ముందు వెతుకు. మజ్బూరీ గురించి తరవాత అడుగు. బాప్ కర్జు తీర్చడానికి వెళ్తూ దారిలో ఇంకొకరి కర్జు నెత్తిన వేసుకుంటావా మియా?" అన్నారు.

పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేశాను. నేనేదో పెద్ద పరహేజ్‌గార్ అని చెప్పుకోవడం లేదు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, అంతే.

దారి విజయనగరంలో దొరికింది. పాత కంప్యూటర్లు అమ్మే చోట, వెనక పాతిక పిన్నుల రంధ్రం ఉన్న పాత పెంటియం డబ్బా ఒకటి, దాని సిస్టం దానికే ఉంది. పదిహేను వందలు. ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని కొండెక్కించాను. ఉర్దూ ప్రోగ్రాం అసలు సీడీ గీతలు పడి తిరగలేదు. కానీ ఎప్పుడో దాని కాపీ కూడా బ్యాకప్‌లో పెట్టుకున్నాను, ఆ 52(1)(ఏఏ) ఇజాజత్ ఇచ్చిన కాపీయే. అది ఎక్కించి, లాక్ వెనక గుచ్చి, బిస్మిల్లా అని నొక్కాను.

తెరుచుకుంది. తెర మీద కుడి నుంచి ఎడమకి అబ్బా మాట్లాడటం మొదలుపెట్టారు.

ఐదు పేర్లు. నేను తీర్చిన రెండు. మిగతా మూడిట్లో ఒకటి చదివి ఆగిపోయాను. అబ్బాతో పాటు బడిలో పనిచేసిన ఒక తెలుగు మాస్టారు. 1983లో అమ్మీ ఆపరేషన్‌కి ఆరు వందలు ఇచ్చారు. తరవాత ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లిపోయారు, కలవలేదు. పక్కన అబ్బా చెప్పిన ఒక మాట నేనే టైప్ చేసి ఉన్నాను. ఆయన అడగలేదు కాబట్టి ఇది ఎక్కువ బరువు, అని. 1983లో ఆ ఆపరేషన్‌లో అమ్మీకి పుట్టింది మా చెల్లెలు. ఆ చెల్లికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

మాస్టారు లేరు. రెండు నెలలు వెతికితే ఆయన అబ్బాయి దొరికారు. సంగతి చెబితే ఫోన్‌లో చాలాసేపు మాట రాలేదు. "నాన్నగారు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదండీ" అన్నారు. ఆరు వందలకి ఇప్పటి విలువ ఎంతని పెద్దోడు లెక్కలు వేయబోతే ఆయన ఒప్పుకోలేదు. ఆరు వందలే పంపమన్నారు, మిగతాది ఎవరైనా చదువుకునే పిల్లకి ఇవ్వమన్నారు. అలాగే చేశాం. ఇంకొక బాకీ ఒక కిరాణా దుకాణానిది, వాళ్ల మనవళ్లకి చేరింది. ఐదోపేరు మనిషి జాడ ఇంకా తెలియలేదు. వెతుకుతున్నాను. దొరక్కపోతే ఆయన పేరున సద్కా చేయమన్నారు మౌలానా సాబ్.

ఆ తరవాత నేను చేసిన పని, మీరూ చేయమని అడిగే పని ఒకటి ఉంది. అబ్బా పేజీలన్నీ యూనికోడ్‌లోకి మార్చాను. మారేటప్పుడు చెడిన మాటల్ని వరసగా ఇరవై రోజులు దిద్దాను. యూనికోడ్‌కి లాక్ లేదు. ఏ కంపెనీ ఫాంట్ అయినా, ఏ ఫోన్ అయినా అక్షరం అక్షరంగానే ఉంటుంది. మన తెలుగుకి 1991లోనే అందులో చోటు దొరికింది. మా పక్క గూడేల సవర భాషకి 1936లో మంగెయ్ గొమాంగో చేసిన సొరంగ్ సోంపెంగ్ లిపి ఉంది, 2012లో అదీ యూనికోడ్‌లో చేరింది. ఇదే సవర మాటల్ని వందేళ్ల కిందట గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో కూర్చుని, కొండవాళ్ల నోటి నుంచి వింటూ కాగితం మీదికి ఎక్కించారు. నోటిలో ఉన్నది కాగితం మీదికి, కాగితం మీది నుంచి తెర మీదికి. ఇదంతా ఒకే పని.

ఈ పని మనకి కొత్త కాదు. యమామా జంగ్‌లో ఎందరో హాఫిజ్‌లు షహీద్ అయినప్పుడు హజ్రత్ అబూబకర్ జైద్ బిన్ సాబిత్‌ని పిలిచి, ఎముకల మీద, తోళ్ల మీద, గుండెల్లో ఉన్నదాన్ని ఒకచోట చేర్పించారు. హజ్రత్ ఉస్మాన్ నకళ్లు రాయించి శహర్‌లకు పంపారు. హిఫ్జ్ అంటే దాచడం మాత్రమే కాదు, మళ్లీ చదవగలిగేలా దాచడం. పదిహేనేళ్లు నేను మొదటి సగమే చేశాను.

కాబట్టి మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పినవి, రాసినవి పాత కంప్యూటర్లలో ఉంటే, యంత్రం బతికుండగానే తెరిచి చూడండి. తెరిచే ప్రోగ్రాం, దాని సీడీ, లాక్ ఒకే పెట్టెలో ఉంచి, పైన పేరు రాయండి. మూడు చోట్ల కాపీ పెట్టండి. ఒకటి మంచి ఇంక్‌తో కాగితం మీద ఉండాలి. అన్నిటికన్నా ముందు, అందులో ఎవరి పేరైనా బాకీగా ఉంటే అది కంప్యూటర్‌లో వదిలేయకండి.

మా లాక్ ఇప్పుడు అమ్మీ సుర్మాదానీ పక్కన ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేంటని అడుగుతారు. మా చిన్నోడు, "దాదా చాబీ" అంటాడు.

ఐదో పేరు మనిషి దొరకాలని దువా చేయండి. ఖుదా హాఫిజ్.